క్యాన్సర్ తగ్గిన పిల్లల్ని మైదానంలోకి రానివ్వండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 15న అంతర్జాతీయ బాలల క్యాన్సర్ దినం నాడు, మళ్లీ సెప్టెంబరు నెలలో, క్యాన్సర్ నుంచి బయటపడ్డ పిల్లల ఫొటోలు పత్రికల్లో వస్తాయి. చూసి అందరం సంతోషిస్తాం. ఇంటికొచ్చాక ఆ పిల్లల రోజు ఎలా గడుస్తోందన్నది మాత్రం ఎవరూ రాయరు. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు కుటుంబాల మధ్య పనిచేసే ఫిజియోథెరపిస్టులుగా, నర్సులుగా మాకు కనిపిస్తున్నది చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. వాళ్లలో చాలామంది కూర్చునే ఉంటున్నారు. ఇంట్లో ఉంటే చేతిలో ఫోను. బడిలో ఆటల పీరియడ్ వస్తే చెట్టు కింద తోటివాళ్ల సంచులకూ చెప్పులకూ కాపలా.

ఆడొద్దని ఎవరు చెప్పారని తల్లిదండ్రుల్ని అడిగితే డాక్టరు గారే చెప్పారంటారు. నిజమే, చెప్పారు. కీమో నడుస్తూ కౌంట్లు (రక్తకణాల సంఖ్య) పడిపోయినప్పుడు, ఛాతీలో లైను (మందులెక్కించే సన్నటి గొట్టం) ఉన్నప్పుడు చెప్పారు. ఆ కారణాలు పోయి నెలలైనా ఆ ‘వద్దు’ అలాగే ఉండిపోయింది. దాన్ని ఎత్తేయాల్సిన మనిషి మధ్యలో ఎక్కడో తప్పిపోయాడు. మన పిల్లలకు వైద్యం విశాఖలోనో, కటక్‌లోనో, భువనేశ్వర్‌లోనో జరుగుతుంది. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో మాట తెలుగు, బడిలో డ్రిల్లు మాస్టారి మాట ఒడియా. ఆ కాగితం బీరువాలోకి పోతుంది, పిల్లాడు చెట్టు కిందికి పోతాడు.

కూర్చోబెడితే నష్టమేమీ లేదనుకోవడమే అసలు పొరపాటు. పిల్లల క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చేది రక్త క్యాన్సర్, అందులోనూ ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా) అనే రకం. దాని చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. ఆ కాలంలో ఇచ్చే స్టెరాయిడ్లు తొడల్లో, పిరుదుల్లో కండను కరిగిస్తాయి, ఎముకను పలచన చేస్తాయి, ఆకలిని విపరీతంగా పెంచి ఒళ్లు తెప్పిస్తాయి. విన్‌క్రిస్టిన్ అనే మందు పాదాలకు వెళ్లే నరాలను దెబ్బతీస్తుంది. పాదం పైకి లేవక వేళ్లు నేలకు తగులుతుంటాయి. పిక్క బిగుసుకుని మడమ నేలకు ఆనదు. మందు ఆపాక నరాలు నెలల మీద కోలుకుంటాయి గానీ, బిగిసిన పిక్క దానంతటది సాగదు. కరిగిన కండ పని పెట్టకపోతే తిరిగి రాదు. ఎముక గట్టిపడే వయసే అది, బరువు మోస్తేనే గట్టిపడుతుంది. ఇక నీరసం సంగతి. విశ్రాంతి తీసుకుంటే నీరసం తగ్గుతుందని మనకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఈ పిల్లల విషయంలో అది తలకిందులవుతుంది. ఎంత కూర్చుంటే అంత నీరసం, క్రమంగా కదిలిస్తే తగ్గుతుంది.

అమెరికా, కెనడాల్లో బాల్యంలో క్యాన్సర్ వచ్చి తగ్గి, పెద్దవాళ్లయిన 15 వేల మందికి పైగా వివరాలతో 2018లో ఒక పరిశీలన వెలువడింది. క్రమం తప్పకుండా గట్టిగా వ్యాయామం చేసినవారిలో మరణాల ముప్పు తక్కువగా కనిపించింది. వ్యాయామం ఒక్కటే కారణమని దాన్నిబట్టి తేల్చలేం, అయినా కూర్చోబెట్టడానికి మాత్రం అందులో ఏ సమర్థనా లేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేంత కదలిక, వారంలో 3 రోజులు కండకూ ఎముకకూ బలమిచ్చే ఆటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వైకల్యం ఉన్న పిల్లలకూ అదే వర్తిస్తుందంది. క్యాన్సర్ వచ్చిన పిల్లల కోసమే 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా చికిత్సలో ఉన్నా, అయిపోయినా కదలిక అవసరమనే చెబుతున్నాయి. ఆ 60 నిమిషాలు ఈ పిల్లలు చేరుకోవాల్సిన చోటు. మొదలు అక్కడ కాదు.

మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సింది ఒక కాగితం. చికిత్స ముగిసిన రోజున ఆసుపత్రిలో ట్రీట్‌మెంట్ సమ్మరీ అడిగి తీసుకోండి. అందులో మందుల పేర్లు, గుండె మీద పనిచేసే మందులు మొత్తం ఎంత డోసు పడ్డాయి, రేడియేషన్ ఎక్కడ ఇచ్చారు, ఆపరేషన్ ఏమిటి, చివరి ఎకో (గుండె స్కాను) ఎప్పుడు, లైను తీసేశారా లేదా అన్నవి ఉండాలి. పిల్లలకు ఏది మంచిదో, ఏది కూడదో జబ్బు పేరును బట్టి తేలదు, పడిన మందును బట్టి, జరిగిన ఆపరేషన్‌ను బట్టి తేలుతుంది. ఒకే జబ్బు తగ్గిన ఇద్దరిలో ఒకరు ఫుట్‌బాల్ ఆడొచ్చు, ఇంకొకరికి ఈతే నయం కావచ్చు.

కాగితం తర్వాత కాళ్లు చూడండి. ఇందుకు యంత్రాలు అక్కర్లేదు. వాకిట్లో పిల్లాణ్ని మడమల మీద పది అడుగులు నడవమనండి. వేళ్లు నేలకు వాలిపోతుంటే విన్‌క్రిస్టిన్ ప్రభావం ఇంకా ఉందన్నమాట. నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. చేతులు మోకాళ్ల మీద, తొడల మీద ఆనించుకుంటూ పైకి పాకినట్టు లేస్తే తొడ కండ బలహీనంగా ఉంది. ముగ్గుపిండితో తిన్నగా ఒక గీత గీసి, అడుగు ముందు అడుగు పెట్టి నడవమనండి. ఒంటికాలి మీద నిలబెట్టి పది లెక్కపెట్టండి, పక్కన గోడ ఉండాలి. మెదడులో గడ్డకు చికిత్స పొందినవారు, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పడినవారు ఈ రెండింట్లో ఎక్కువగా తూలతారు. సిస్‌ప్లాటిన్ వినికిడినీ తగ్గిస్తుంది కాబట్టి, వెనక నుంచి పిలిచినా వినిపించుకోలేదని మైదానంలో కేకలేయకండి. ఈ నాలుగు పరీక్షల ఫలితం తేదీ వేసి రాసుకుని, నెలకోసారి మళ్లీ చూడండి.

ఇక ఎలా మొదలుపెట్టాలి? పూటకు 5 నుంచి 10 నిమిషాల నడక, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మూడు నాలుగు రోజులు హాయిగా జరిగితే 2 నిమిషాలు కలపండి. నడుస్తూ మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగంగా ఊపిరి ఆడుతుండాలి, అదే సరైన వేగం. మర్నాడు పొద్దున లేవలేకపోతే నిన్నటిది ఎక్కువైందని అర్థం. మానేయొద్దు, ముందటి మెట్టుకు దిగండి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. సెలవులంతా మంచం మీద ఉంచి, బడి తెరిచిన రోజునే తోటివాళ్లతో సమానంగా పరుగెత్తిస్తారు. వాడు రెండో చుట్టులో కూలబడతాడు, అందరూ చూస్తారు, ఇంట్లోవాళ్లు ‘చెప్పాం కదా’ అంటారు, అంతటితో ఆట ముగుస్తుంది.

పిక్క సాగదీయడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజూ చేస్తున్నా ఫలితం లేదనేవారిలో ఎక్కువమంది తప్పుగా చేస్తున్నవారే. గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టాలి. వెనక కాలి వేళ్లు తిన్నగా గోడ వైపే చూడాలి, మోకాలు నిటారుగా ఉండాలి, మడమ నేలను వదలకూడదు. అప్పుడు ముందు మోకాలు వంచి 30 సెకన్లు ఉండాలి. కాలికి 3 సార్లు, రోజుకు రెండు పూటలు. తర్వాత వెనక మోకాలు కొంచెం వంచి మళ్లీ చేస్తే పిక్కలో లోపలి కండ సాగుతుంది. పిల్లలు చేసే తప్పు ఏమిటంటే పాదాన్ని పక్కకు తిప్పేస్తారు. అప్పుడు పిక్క సాగదు, పాదం లోపలి వంపు కుంగుతుంది. వెనక పాదం పక్కన ఒక ఇటుక పెడితే పాదం తిరగదు. ఊపుతూ సాగదీయకూడదు. నెలా రెండు నెలలు చేసినా మడమ ఆనకపోతే ఫిజియోథెరపిస్టుకు చూపించండి, రాత్రిపూట వేసుకునే స్ప్లింట్ (పాదాన్ని నిలిపి ఉంచే పట్టీ) అవసరం కావచ్చు.

తొడల కోసం స్టూలు చాలు. కూర్చుంటే మోకాలు లంబకోణంలో ఉండే ఎత్తుది తీసుకుని, చేతులు గుండెకు కట్టుకుని 8 నుంచి 10 సార్లు లేచి కూర్చోవాలి. కాసేపు ఆగి మరోసారి. దిగేటప్పుడు ధబ్బున పడకుండా మెల్లగా దిగాలి, కండకు అసలు పని అక్కడే. ఊపిరి బిగబట్టకూడదు. అంకెలు పైకి లెక్కపెట్టిస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది. తేలికైపోయాక ఇంకా పొట్టి స్టూలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు.

ఇది కసరత్తులా అనిపిస్తే పిల్లలు నాలుగో రోజున మానేస్తారు. అందుకే ఆటలోకి మార్చాలి. ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడగలిగి, తుంటి నొప్పి లేని పిల్లలకు తొక్కుడు బిళ్ళ కన్నా మంచి సాధన లేదు. తూకం, ఎముక మీద బరువు, గెంతు అన్నీ అందులోనే ఉన్నాయి. ముందు రెండు కాళ్లతో గెంతించండి, తర్వాత ఒంటికాలు. కుమార పూర్ణిమకు ఒడియా స్నేహితురాళ్లతో కలిసి మన ఆడపిల్లలూ పుచి ఆడతారు. గొంతుకూర్చుని గెంతే ఆట కాబట్టి తొడలకు చాలా బరువు. స్టూలు మీద నుంచి తేలిగ్గా లేవగలిగే దశ వచ్చాకే, మోకాలి నొప్పి, తుంటి నొప్పి లేనివారికే. తొమ్మిదో తరగతిలో ప్రభుత్వం ఇచ్చే సైకిలు అందుకున్న పిల్లలకైతే వ్యాయామం ఇంటికే వచ్చినట్టు. సీటు మాత్రం సరిచేయండి. పెడలు కింద ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. భయంతో సీటు బాగా దించేస్తే మోకాలి ముందుభాగం నొప్పెడుతుంది, పిల్ల సైకిలు వద్దంటుంది, నెపం క్యాన్సర్ మీదికి పోతుంది.

నొప్పుల్లో ఒకదాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. స్టెరాయిడ్లు పడిన పిల్లల్లో, ముఖ్యంగా చికిత్సప్పుడు పదేళ్లు దాటినవారిలో, తుంటి ఎముక తలకు రక్తం అందక ఆ భాగం చచ్చుబడవచ్చు. మోకాలికీ రావచ్చు. గజ్జల్లో నొప్పి, కుంటు, కాలు లోపలికి తిప్పితే పట్టేయడం దాని గుర్తులు. తుంటిలోని జబ్బు కొందరికి మోకాలి నొప్పిగానే తెలుస్తుంది. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, ఎంఆర్ఐలో తెలుస్తుంది. తేలేదాకా గెంతులు, పరుగులు ఆపండి. బెణికిందని నాటువైద్యుడి దగ్గర తోమించకండి, లాగించకండి. అప్పుడు కూడా మంచమే గతి కాదు. డాక్టరు సరేనంటే సైకిలు, ఈత చేయవచ్చు, ఎముక మీద పెద్దగా బరువు పడదు.

గుండె విషయంలో భయం ఎక్కువ, సమాచారం తక్కువ. డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ వంటి మందులు (వీటిలో కొన్ని ఎర్రటి రంగులో ఉంటాయి) గుండె కండరాన్ని ఏళ్ల తర్వాత కూడా బలహీనపరచగలవు. మొత్తం డోసు చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు చేరితే ముప్పు ఎక్కువ వర్గంలోకి వస్తుంది. ఛాతీకి రేడియేషన్ తోడైతే మరింత. అలాంటివారికి ఎకో గడువు తప్పకూడదు. ఎకో బాగుంటే నడక, పరుగు, ఈత, సైకిలు అన్నీ గుండెకు మేలే. ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తడం మాత్రం హృద్రోగ నిపుణుణ్ని అడక్కుండా వద్దు. పదహారేళ్లొచ్చి జిమ్ముకు పోతానంటున్న కుర్రాళ్లకు ఈ మాట ఇంట్లోవాళ్లే చెప్పాలి. ఆటలో ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడ, మునుపు లేని ఆయాసం కనిపిస్తే ఆ రోజే ఆపి చూపించాలి.

మిగతావి క్లుప్తంగా. విల్మ్స్ గడ్డ (పిల్లల్లో వచ్చే కిడ్నీ క్యాన్సర్) వల్ల ఒక కిడ్నీ తీసేసిన పిల్లలు పరుగు, సైకిలు, నడక నిశ్చింతగా చేయొచ్చు. కడుపు మీద దెబ్బ తగిలే చెడుగుడు, కుస్తీ వంటివాటికి డాక్టరుతో మాట్లాడాలి. ఈ పిల్లలకు నొప్పి మాత్రలు దుకాణంలో అడిగి కొని మింగించొద్దు. కంటిలో గడ్డకు ఒక కన్ను తీసేసినవారికి దూరం అంచనా తప్పుతుంది. ముందు పెద్ద మెత్తటి బంతితో పట్టడం నేర్పి, తర్వాత చిన్న బంతి ఇవ్వాలి. మిగిలిన కంటికి తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు లేకుండా క్రికెట్, ఏడు పెంకులాట వద్దు. ఎముక క్యాన్సర్‌కు లోపల లోహపు కీలు వేసిన కాలితో గెంతులు, ఫుట్‌బాల్ కుదరవు, కీలు వదులవుతుంది. ఈత, సైకిలు సర్జన్ చెప్పిన గడువు తర్వాత బాగుంటాయి. తలలో షంట్ (మెదడులో చేరే నీటిని కిందికి దించే గొట్టం) ఉంటే బంతిని తలతో కొట్టకూడదు.

చికిత్స ఇంకా నడుస్తున్న పిల్లలకూ కదలిక ఉండాలి, కానీ కౌంట్లు చూసుకుని. ప్లేట్‌లెట్లు 50 వేలు దాటి ఉంటే సాధారణంగా ఆడుకోవచ్చు. 20 వేల నుంచి 50 వేల మధ్య నడక, తేలిక ఆటలు, పడిపోయే ఆటలు కూడదు. 20 వేల లోపు డాక్టరు చెప్పినంతే. లైను ఉన్నంతకాలం చెరువు స్నానం, నది స్నానం వద్దు. జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కు చేరితే ఆట కాదు, ఆసుపత్రి. మన జిల్లాల్లో మలేరియా ఉంది కదా, అదే అయి ఉంటుందిలే అని ఇంట్లో మాత్ర వేసి చూడడం ఈ పిల్లల విషయంలో ప్రమాదం.

చెప్పుల గురించి కూడా రాయాల్సిందే. పాదం స్పర్శ తగ్గిన పిల్లలకు హవాయి చెప్పులు కాలి నుంచి జారిపోతాయి, అవి జారకుండా వేళ్లు ముడుచుకుని నడుస్తారు, తట్టుకుని పడతారు. మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. వట్టికాళ్లతో ఆడితే ముళ్లు గుచ్చుకున్నా తెలియదు కాబట్టి రాత్రి పడుకునేముందు అరికాళ్లు చూడండి. వేసవిలో ఉదయం బడి నడిచే రోజుల్లో బడికి ముందో, సాయంత్రం 5 దాటాకో ఆడించండి. తాగే నీళ్లు వెంట ఉండాలి. తిండికి ప్రత్యేకం అక్కర్లేదు, చోడంబలి (రాగి అంబలి), పాలు, గుడ్డు, పప్పు ఎముకకూ కండకూ మంచివే.

బడులకు మా విన్నపం. డ్రిల్లు మాస్టార్లు ఈ పిల్లల పేరు పక్కన ‘మినహాయింపు’ అని రాసి వదిలేయకండి. స్కోరు రాయించడం, సంచులకు కాపలా పెట్టడం ఆటలో చేర్చుకోవడం కాదు. ఖోఖోలో అందరికీ ఒక విడత ఉంటే ఈ బిడ్డకు సగం విడత ఇవ్వండి, పరుగు పందెంలో దూరం తగ్గించండి, అలిసినప్పుడు అడక్కుండానే కూర్చునే హక్కు ఇవ్వండి. మరో సంగతి ఎవరి దృష్టికీ రావడం లేదు. తొడలు బలహీనంగా ఉన్న పిల్లలు, కాలిలో కీలు వేసినవారు బడి మరుగుదొడ్డిలో గొంతుకూర్చుని లేవలేరు. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. నీళ్లు తాగకుండా ఎండలో ఆడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు, ఒక కిడ్నీతో ఉన్నవారి సంగతి మరీను. గోడకు ఒక ఇనుప పట్టీ, ఒక కమోడ్ కుర్చీ ఉంటే చాలు. మధ్యాహ్న భోజనం దగ్గర ఒక స్టూలు వేయండి.

ఆడపిల్లల్ని ఇంకా ఎక్కువగా ఆపేస్తున్నారు. పెద్దమనిషి కాగానే ఆట ఎలాగూ ఆగుతుంది, క్యాన్సర్ దానికి సాకు అవుతుంది. వాళ్ల ఎముకలకు ఆ వయసులోనే బరువు పడడం అవసరం.

ఇక అధికారులకు. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఉండే డీఈఐసీ (పిల్లల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం) కేంద్రాల్లో నిబంధన ప్రకారం ఫిజియోథెరపిస్టు ఉండాలి. 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూడాల్సిన చోటు అది. జాబితాలో క్యాన్సర్ పేరు లేదన్న కారణంతో ఈ పిల్లల్ని తిప్పి పంపొద్దు. వాలిపోతున్న పాదం, లేవలేని తొడ వాళ్ల కళ్లముందే ఉన్నాయి. ఖాళీగా ఉన్న పోస్టులుంటే భర్తీ చేయాలి. క్యాన్సర్ ఆసుపత్రులు చికిత్స ముగింపు కాగితంతో పాటు ఒకే ఒక పేజీ అదనంగా ఇవ్వాలి. ఏ ఆటలు ఆడొచ్చు, ఏవి కూడదు, ఎందుకు కూడదు, ఎన్నాళ్లు కూడదు, మళ్లీ ఎకో ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి. సరిహద్దు జిల్లాల పిల్లలకైతే ఆ పేజీ తల్లి కోసం తెలుగులో, మాస్టారి కోసం ఒడియాలో కావాలి. ‘ఎన్నాళ్లు’ అన్న గడి ఖాళీగా వదలకూడదు.

ఆ పేజీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. తల్లిదండ్రులు వచ్చే చెకప్‌కు వెళ్లినప్పుడు డాక్టరును ఈ నాలుగూ అడగండి: మా బిడ్డ పరుగెత్తొచ్చా, గెంతొచ్చా, ఈదొచ్చా, బరువులెత్తొచ్చా. దేనికైనా వద్దంటే కారణం, గడువు కాగితం మీద రాయించుకుని, దాని నకలు బడిలో ఇవ్వండి.

ఇట్లు,
కొందరు ఫిజియోథెరపిస్టులు, నర్సులు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా